శివారు, గెట్టు, ఒర్రె: సాస్తి తెలుగులో ఉన్న పటం

సాస్తి ఎక్కడున్నది అని ఎవరైనా అడిగితే మూడు జవాబులు చెప్పొచ్చు. ఒకటి కాగితం జవాబు: మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా, రాజూరా తాలూకా. రెండోది సర్వే ఆఫ్ ఇండియా జవాబు: షీటు నంబరు 56 ఎం/5. మూడోది మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేది: "గంగకు ఇవతల, బల్లార్షాకు ఎదురుంగ." ఇక్కడ గంగ అంటే కాశీ గంగ కాదు, వార్ధా నది. ఉత్తర తెలంగాణలో గోదావరిని గంగ అంటారు గదా, మావాళ్ళు అదే అలవాటుతో వార్ధను కూడా గంగ చేసేసిన్రు.

నేను చదివింది బీకాం. భూగోళం పదో తరగతితోనే అయిపోయింది. కానీ బ్యాంకులో వ్యవసాయ లోన్లు చూసినన్ని రోజులు నా టేబుల్ మీద లెడ్జర్ల కంటే ఎక్కువ ఉన్నవి హద్దుల కాగితాలు, ఊరి నక్షాలు. రిటైరయినంక తీరుబడిగా కూర్చుని పటాల గురించి చదివితే ఒక సంగతి అర్థమైంది. భూగోళం పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లతో చెప్పే విషయాలకు మా ఊరి తెలుగులో ఎప్పటినుంచో మాటలున్నాయి. అయితే ఆ మాటలను ఎక్కించిన పటం మాత్రం ఇప్పటిదాకా ఎవరూ గీయలేదు. ఎందుకు గీయలేదో చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి.

ముందు ఆ 56 ఎం/5 సంగతి. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని 4 డిగ్రీల పొడుగు, 4 డిగ్రీల వెడల్పు ఉన్న గళ్ళుగా కోసింది. 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మధ్య ఉన్న గడి నంబరు 56. దాన్ని మళ్ళీ 16 ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు ఇచ్చారు. ఒక్కో అక్షరాన్ని మళ్ళీ 16 ముక్కలు చేస్తే వచ్చేది మనం చేతిలో పట్టుకునే షీటు. ఈ లెక్కన హైదరాబాద్ 56 కె, ఆదిలాబాద్ 56 ఐ, సాస్తి 56 ఎం. నాగపూర్ మాత్రం 55 ఓ. అంటే సర్వే వాళ్ళ అల్మారాలో సాస్తి ఈ రోజుకూ హైదరాబాద్ ఉన్న గడిలోనే ఉంది! ఇందులో రాజకీయం ఏమీ లేదు. 20 డిగ్రీల అక్షాంశ రేఖ చంద్రపూర్ పట్నానికి కొంచెం పైనుంచి పోతుంది, అంతే. అయినా మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఈ కొలతల వెనుక ఉన్న మనిషి మాకు మరీ దూరపువాడేం కాదు. 1802లో మద్రాసు దగ్గర ఆధార రేఖ కొలిచి, త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ ఉత్తరానికి వచ్చిన విలియం లాంబ్టన్ 1823 జనవరి 20న హింగణ్‌ఘాట్‌లో చనిపోయాడు. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోతుంటే దారిలో ప్రాణం పోయింది. సమాధి కూడా అక్కడే. సాస్తి నుంచి గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 100 కిలోమీటర్లు.

లాంబ్టన్ కొలత ఆకాశం నుంచి కిందికి వచ్చే కొలత. ముందు అక్షాంశం, రేఖాంశం. ఆ గడిలో ఊరు ఎక్కడ పడితే అక్కడ. ఊరి కొలత దీనికి ఉల్టా. అది బొడ్రాయి కాడ మొదలై బయటికి పోతుంది. వాడ, ఊరు, ఊరి చుట్టూ చేన్లు, శివారు, ఆ తర్వాత పక్క ఊరు. భూగోళంలో మొదటిదాన్ని నిరపేక్ష స్థానం అనీ, రెండోదాన్ని సాపేక్ష స్థానం అనీ అంటారు. "బల్లార్షాకు ఎదురుంగ" అన్నది సాపేక్ష స్థానం. దానికి అక్షాంశం అక్కర్లేదు, బల్లార్షా ఎక్కడుందో తెలిస్తే చాలు. మామూలు మనుషులు బతికేది ఈ రెండో లెక్కతోనే.

దూరాలకు కూడా అంతే. కోసు, ఆమడ అనే పాత కొలతలు నా చిన్నతనానికే పోయినయి. కూతవేటు దూరం మాత్రం ఇంకా ఉంది. ఎంత అంటే ఎవరూ మీటర్లలో చెప్పలేరు. చేను కాడ నిలబడి పిలిస్తే ఇంట్లో వినబడేంత.

హద్దుల మాటలకు వద్దాం. మరాఠీ ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఇక్కడే ఎక్కువ సంపద ఉంది. చేనుకు, చేనుకు మధ్య ఉండేది గెట్టు. పొలంలో మడికి, మడికి మధ్య ఉండేది ఒడ్డు. ఊరికి, ఊరికి మధ్య ఉండేది శివారు, పొలిమేర. పెద్దవాటి మధ్య ఉండేది సరిహద్దు. ఈ నాలుగు ఒక్కటి కాదు. గెట్టు అంటే గడ్డి మొలిచే, ఎద్దులు నడిచే, ఏటా ఇద్దరూ నాగలితో ఇంత ఇంత గీరుకుంటూ పోయే వస్తువు. దానికి వెడల్పు ఉంది, దాని మీద చెట్లున్నాయి, దాని మీద పంచాయితీలూ ఉన్నాయి. పటం మీద గీతకు వెడల్పు ఉండదు. బ్యాంకులో నేను చూసిన గొడవల్లో సగం ఈ తేడా నుంచి పుట్టినవే. ఇద్దరూ గీత ఎక్కడుందో అడుగుతారు, ఇద్దరికీ కావలసింది గెట్టు మీది తుమ్మ చెట్టు.

విదర్భ మరాఠీలో గెట్టును ధురా అంటారు. మా ఊరి తెలుగులో ఈ రెండూ నడుస్తాయి. మా పెద్దవాళ్ళు "గెట్టు" అంటే, మా వయసోళ్ళు "ధుర మీద" అంటారు. బండ్ల బాటకు కూడా ఇదే గతి. పాంధన్ అన్న మరాఠీ మాట దాన్ని దాదాపు మింగేసింది. శివారు మాత్రం పోలేదు, ఎందుకంటే అది రెండు భాషల్లోనూ ఉంది. మాట బతకాలంటే పక్క భాషలో చుట్టం ఉండాలేమో అనిపిస్తుంది.

భూమి పేర్లు ఇంకా బాగుంటాయి. మా దిక్కు పొలం అంటే నీళ్ళు కట్టే వరి భూమి. చేను అంటే వాన మీద ఆధారపడే భూమి, పత్తి, జొన్న, కంది వేసేది. కోస్తావాళ్ళు రెంటినీ పొలం అంటే మాకు తికమక. నిజాం రికార్డులో ఇదే తేడాను తరీ, ఖుష్కీ అని రాసేవాళ్ళు. మహారాష్ట్ర 7/12లో బాగాయత్, జిరాయత్ అంటారు. మన్ను పేర్లు వేరు: నల్లది రేగడి, ఎర్రది చెల్క, ఇసుక కలిసింది దుబ్బ. నీళ్ళ దారుల్లో చిన్నది ఒర్రె, దానికంటే పెద్దది వాగు, అన్నీ పోయి కలిసేది గంగ. షీటు మీద ఒర్రె, వాగు రెండూ నాలాయే. మన మాటల్లో ఉన్న కొలత పటంలోకి ఎక్కేసరికి ఒక మెట్టు తగ్గింది.

ఇక విస్తీర్ణం. ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 33 అడుగుల గొలుసును నాలుగు దిక్కులా పరిస్తే వచ్చే చదరం, 121 చదరపు గజాలు. 7/12 మీద ఇప్పుడు హెక్టార్, ఆర్ రాస్తారు. మెట్రిక్ లెక్క వచ్చినప్పుడు రైతులు గాబరా పడాల్సింది, కానీ పడలేదు. ఎందుకంటే 1 గుంట దాదాపు 1.01 ఆర్. ముసలి పటేల్లు ఆర్ అని రాసి ఉన్న చోట గుంట అని చదువుకుని పని కానిచ్చిన్రు. నూటికి ఒక వంతు తేడా ఎవరికీ పట్టలేదు. ఈ రకం తెలివి ఏ శిక్షణ తరగతిలో నేర్పుతారు?

పటం మీద స్కేలు అనేది కూడా ఇట్లాంటిదే, కాగితానికి నేలకు మధ్య మారకం రేటు అనుకోండి. పాత ఊరి నక్షాల్లో 1 అంగుళం అంటే 660 అడుగులు, అంటే మైలుకు 8 అంగుళాలు. పాత టోపో షీటులో మైలుకు 1 అంగుళమే. ఇప్పటి షీట్లు 1:50,000. ఊరి నక్షాలో ప్రతి చేనూ కనబడుతుంది. టోపో షీటులో ఊరు కనబడుతుంది, చేను కనబడదు. దేశ పటంలో ఊరు కూడా మాయం. ఏ కొలతతో చూస్తున్నామన్నదాన్ని బట్టి ఎవరు కనబడతారు, ఎవరు కనబడరు అన్నది తేలిపోతుంది. సాస్తి తెలుగుకు జరిగింది సరిగ్గా ఇదే.

1956 దాకా మాకు సరిహద్దు వార్ధా నది. ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషువాళ్ళ సెంట్రల్ ప్రావిన్సెస్. 1872లో సిర్పూర్ తాండూర్ అని ఒక చిన్న జిల్లా కడితే రాజూరా అందులో ఒక తాలూకా. 1905లో అదే పెరిగి ఆదిలాబాద్ జిల్లా అయింది. నదికి అవతలి మరాఠీవాళ్ళు నిజాం ఇలాఖాను మొగలాయి అనేవాళ్ళు. ఈ మాట మా చిన్నప్పటిదాకా చాందా బజారులో వినబడేది. నది దాటితే రూపాయి కూడా మారేది. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దార్. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు వచ్చేవి. సరుకు దాటిస్తే కరోడ్‌గిరి, అంటే సుంకం. బ్యాంకువాడిగా చెప్తున్నా, సరిహద్దు అంటే ఏందో తెలుసుకోవడానికి పటం కంటే మారకం రేటే మంచి సాక్ష్యం. ఎక్కడ రూపాయి విలువ మారుతుందో అక్కడ గీత నిజంగా ఉన్నట్టు.

కానీ నది మనుషులను ఆపలేదు. ఎండకాలం వార్ధలో నీళ్ళు మోకాళ్ళ దాకే. బజారు చేసేది బల్లార్షాలో, పిల్లనిచ్చేది చాందాలో, దేవునికి పోయేది ఎక్కడికైనా. కాజీపేట నుంచి వచ్చిన నిజాం రైలు, నాగపూర్ దిక్కు నుంచి వచ్చిన ఇంగ్లీషు రైలు బల్లార్షాలో కలిసినంక, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ దారి పట్టినంక, దూరం అనే మాటకు అర్థమే మారిపోయింది. మంచిర్యాల దగ్గరయింది. జిల్లా కచేరీ ఉన్న ఆదిలాబాద్ మాత్రం గుట్టల అవతల దూరంగానే ఉండిపోయింది. మానవ భూగోళంలో పాలనా ప్రాంతం వేరు, జనం తిరిగే ప్రాంతం వేరు అంటారు. మా ఊరు ఆ సూత్రానికి చక్కటి ఉదాహరణ.

1956 నవంబరు 1న గీత జరిగింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో బొంబాయి రాష్ట్రానికి పోయే వాటి జాబితా చదివితే ఎంత సన్నగా కోసారో తెలుస్తుంది. ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్ తాలూకా, రాజూరా తాలూకా, బోథ్ తాలూకాలో ఒక్క ఇస్లాపూర్ సర్కిల్. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్ తాలూకాలో ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు మాత్రం ఇటు ఆంధ్రప్రదేశ్‌కు. ఒక దగ్గర తాలూకా మొత్తం, ఇంకో దగ్గర గిర్దావర్ తిరిగే సర్కిల్. రాజూరాను సర్కిళ్ళుగా విడదీయలేదు, తాలూకా తాలూకాగానే పోయింది. మొదట నాందేడ్ జిల్లాలో, 1959లో చాందా జిల్లాలో, 1960 మే నుంచి మహారాష్ట్రలో. మూడున్నర ఏండ్లలో సాస్తి మనిషి చిరునామా ఇన్నిసార్లు మారింది, ఇల్లు మాత్రం కదలలేదు.

ఇది అన్యాయమని నేను అనను. రాజూరాలో మరాఠీ ఎక్కువ, గోండీ ఉంది, కొలామీ ఉంది, తెలుగు ఉంది. ఏ గీత గీసినా ఎవరో ఒకరు అవతల పడతారు. నేను చెప్పేది గీత గీసినంక జరిగినదాని గురించి.

జనాభా లెక్కల భాషా పటాల్లో ఒక పద్ధతి ఉంది. తాలూకాలో ఏ భాష ఎక్కువుంటే ఆ రంగు తాలూకా అంతటా పూసేస్తారు. రంగు పటం చూడటానికి అందంగా ఉంటుంది, తక్కువమంది ఉన్నవాళ్ళు దాని కింద మునిగిపోతారు. అదే సమాచారాన్ని చుక్కల పటంగా వేస్తే, వెయ్యిమందికో చుక్క అనుకుంటే, రాజూరా, బల్లార్పూర్, చాందా అంతటా తెలుగు చుక్కలు కనబడతాయి. రెండూ నిజమైన పటాలే. మన కళ్ళకు అలవాటైంది రంగు పటం.

అసలు దెబ్బ మాత్రం భాష చదివేవాళ్ళ పటంలో తగిలింది. గ్రియర్సన్ చేసిన లింగ్విస్టిక్ సర్వే ఆఫ్ ఇండియా నాలుగో సంపుటం 1906లో అచ్చయింది. అందులో తెలుగు ఉంది, చాందా జిల్లా సాలెవాళ్ళ తెలుగుకు సాలేవారీ అనే పేరుతో చోటు కూడా ఉంది. కానీ ఆ సర్వే హైదరాబాద్ సంస్థానంలోకి రాలేదు. అంటే వార్ధకు అవతలి ఒడ్డు తెలుగును రాసుకున్నారు, ఇవతలి ఒడ్డు సాస్తి తెలుగును వదిలేసిన్రు. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాకు మనుషుల్ని పంపి రైతుల మాటలు ఏరించారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వేసింది. మన భాషలో అంత గొప్ప పని ఇంకొకటి నాకు తెలియదు. కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల పని. 1962 నాటికి సాస్తి మహారాష్ట్ర. ఆరేండ్ల ముందు అదే పని జరిగి ఉంటే ఆదిలాబాద్ లెక్కలో మేమూ ఉండేవాళ్ళం.

ఒకసారి నదికి ఉత్తరాన ఆగిన సర్వే, ఇంకోసారి అడవికి దక్షిణాన ఆగిన సర్వే. రెండిటి నడుమ ఖాళీలో మేము. ఖాళీ అంటే అక్కడ ఏమీ లేదని కాదు, ఎవరూ రాలేదని. కానీ పటం చూసేవాడికి ఈ రెండిటికీ తేడా తెలియదు.

ఈ గీత ఇప్పటికీ అంత గట్టిగా లేదనడానికి మా జిల్లాలోనే సాక్ష్యం ఉంది. జీవతి తాలూకా గుట్టల మీద పరందోళి, ముకదంగూడ, మహారాజ్‌గూడ లాంటి 14 ఊళ్ళను రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. అక్కడివాళ్ళ దగ్గర రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. రెండు బడులు. నది సరిహద్దు అయినప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. అడవిలో గీత పోతే ఇట్లుంటది.

ఊళ్ళ పేర్లు చూసినా పాత పటం కనబడుతుంది. గూడ అని ముగిసేవి ఎక్కువగా గోండు, కొలాం గూడేలు. గడ్చిరోలి దిక్కు పోతే అల్లపల్లి, ఏటపల్లి, రేపన్‌పల్లి, వరుసగా పల్లెలే. ఈ పేర్లు తెలుగు నోటి నుంచి దేవనాగరిలోకి, అక్కడినుంచి ఇంగ్లీషు అక్షరాల్లోకి, మళ్ళీ ఫోన్లో తెలుగు అక్షరాల్లోకి వస్తాయి. మూడు కౌంటర్లు తిరిగిన చెక్కు లాగ, చివరికి సంతకం పోల్చుకోవడం కష్టం. మనుషుల పేర్లకూ ఇదే జరిగింది. చాందా జిల్లాలో తెలుగు కుటుంబాల ఇంటిపేర్లకు చివర వార్ ఉంటుంది. అది మన వారు. ఫలానా వారు అని గౌరవంగా అన్న మాట, మరాఠీ రిజిస్టరులో కట్టుబడి ఇంటిపేరైపోయింది. నాగపూర్ నుంచి వచ్చినవాడికి వార్ అంటే తెలుగువాళ్ళని తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాడు మరాఠీవాళ్ళనుకుంటాడు.

సాస్తి పేరు బయటివాళ్ళకు తెలిసేది బొగ్గు వల్లే. వార్ధా లోయ బొగ్గు పొరల మీద హ్యూస్ రాసిన భూగర్భ నివేదిక 1877 నాటిది. నిజాం కాలపు గెజిటీర్లలోనే సాస్తి, పౌనీ బొగ్గు ఊళ్ళుగా కనబడతాయి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడినంక సాస్తి, ధోప్తాళా, గౌరీ, పౌనీ అన్నీ ఒక గొలుసుగా గనులయ్యాయి. వాటితో రెండో తెలుగు వచ్చింది. కాలనీ తెలుగు. మంథని, చెన్నూరు, పెద్దపల్లి దిక్కు నుంచి మొదట బెల్లంపల్లికో మందమర్రికో పోయి, అక్కడ పని నేర్చుకుని, చుట్టాన్ని పట్టుకుని బల్లార్షా వచ్చి, చివరికి సాస్తిలో తేలినవాళ్ళు. 1885లో లండన్‌లో రావెన్‌స్టీన్ అనే ఆయన వలసల సూత్రాలు రాశాడు. ఎక్కువమంది దూరం పోరు, పోయినా మెట్టు మెట్టుగా పోతారు అని. మా కాలనీ క్వార్టర్ల వరస ఒక్కటి చూసి ఉంటే ఆయనకు జనాభా లెక్కల పుస్తకాలు అవసరం ఉండకపోవు.

కాలనీ తెలుగులో గని అనరు, బాయి అంటారు. "బాపు బాయికి పోయిండు" అంటే నీళ్ళ బావికి కాదు, షిఫ్టుకు. ఊరి తెలుగులో బాయి అంటే చేను కాడి బావే. ఒకే బడికి పోయే ఇద్దరు పిల్లలు ఒకే మాటను రెండు అర్థాలతో వాడేవాళ్ళం. ఊరికి, కాలనీకి నడుమ ఒక్క తారు రోడ్డు. భాషాశాస్త్రంలో ఐసోగ్లాస్ అని ఒక మాట ఉంది. సమోన్నత రేఖ ఒకే ఎత్తున్న చోట్లను కలిపినట్టు, ఇది ఒక మాట ఎక్కడిదాకా నడుస్తుందో ఆ అంచును చూపిస్తుంది. పుస్తకాల్లో అవి వందల కిలోమీటర్ల గీతలు. బాయి మాటకు మా దగ్గర గీత ఆ తారు రోడ్డే.

బొగ్గు పైకి వచ్చిన కొద్దీ నేల లోపలికి పోయింది. భూగర్భ గని ఉన్నన్నాళ్ళు పైన చేన్లు చేన్లుగానే ఉండేవి. ఓపెన్‌కాస్ట్ వచ్చినంక చేనే గని. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకునే భూములకు జాబితా ఉంటుంది: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు. డబ్బు దాని ప్రకారమే, ఉద్యోగం దాని ప్రకారమే. అందులో ఇంకో వరస లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు. అది చేను పేరు.

చేన్లకు పేర్లున్నాయని బయటివాళ్ళకు తెలియదు. ఒక రైతు లోను కోసం వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"మీ చేను ఎక్కడ పటేలా?"

"పోశమ్మ ఎనుక, ఒర్రెకు మీదికి సారూ. మర్రి చేను అంటరు."

"నంబరెంత?"

"నంబరు తలాఠీకి ఎర్క సారూ. నాకు చేను ఎర్క."

ఆయన ఎకసెక్కం ఆడలేదు, ఉన్నది చెప్పిండు. ఆ మర్రి చెట్టు ఆయన తాత కాలానికే లేదట. చెట్టు పోయినా పేరు నిలిచింది, ఇప్పుడు చేను కూడా లేదు. సర్వే నంబరు మాత్రం జాబితాలో చెక్కుచెదరకుండ ఉంది. మా శివారులో ఇట్లాంటి పేర్లు నేను ఇప్పటిదాకా నోటుబుక్కులో 60 దాకా రాసుకున్నా: మర్రి చేను, దొంగల ఒర్రె, రేగడి మడి, జోగోని కుంట, అట్లా. అందులో సగానికి పైగా ఉన్న నేల ఇప్పుడు గుంత. చెప్పేవాళ్ళందరి వయసు 70 పైనే.

ఇది మనం చేయగలిగిన పని అనుకునే ఈ వ్యాసం రాస్తున్నా. ఫ్రాన్స్ భాషా పటాల పుస్తకం 1902 నుంచి 1910 దాకా అచ్చయింది. పథకం జీలియెరాన్ అనే పండితుడిది. కానీ 639 ఊళ్ళు తిరిగి మాటలు రాసుకున్నది ఎడ్మన్ ఎడ్మాన్ అనే కిరాణా వ్యాపారి. చెవి మంచిది, ఓపిక ఉంది, సైకిలు ఉంది, అంతే. మనకు రాజూరా తాలూకాలో అన్ని ఊళ్ళు కూడా లేవు. సైకిలుకు బదులు బండి ఉంది, జేబులో ఫోను ఉంది.

నేను చేస్తున్న పద్ధతి ఇది. భూమి రికార్డుల ఆఫీసులో ఊరి నక్షా నకలు దొరుకుతుంది, ఫీజు కడితే ఇస్తారు. దాని మీద పలచటి ట్రేసింగ్ కాగితం పరుస్తాను. సర్వే నంబరు పక్కన చేను పేరు, ఒర్రె పేరు, కుంట పేరు చెప్పినవాళ్ళు చెప్పినట్టే రాస్తాను, పుస్తకం తెలుగులోకి దిద్దను. చెప్పినవాళ్ళ పేరు రాయను. వయసు, ఆడా మగా, ఊరివాళ్ళా కాలనీవాళ్ళా అన్నది మాత్రం రాస్తాను. నేల ఇంకా ఉంటే అక్కడ నిలబడి ఫోనులో అక్షాంశం, రేఖాంశం చూసుకుంటాను. లేకపోతే నక్షా మీది నంబరే ఆధారం. ఆడవాళ్ళను తప్పకుండ అడగాలి. మగవాళ్ళు చేన్ల పేర్లు చెప్తారు. కలుపు తీసే బాటలు, నీళ్ళు తాగే చెలిమలు, నీడ పట్టున కూర్చునే చెట్లు ఆడవాళ్ళకే ఎర్క. ఒక అవ్వ నాకు గంగ ఒడ్డున బట్టలుతికే బండలకే ఆరు పేర్లు చెప్పింది.

ఒక్క చోట మాత్రం పెన్ను ఆగింది. ఓపెన్‌కాస్ట్ నుంచి తీసిన మట్టిని పోసి పోసి చదును నేల మీద కొత్త గుట్టలు లేచినయి. పాత టోపో షీటులో అక్కడ సమోన్నత రేఖలు దూరం దూరంగా ఉంటాయి, ఇప్పుడు గీస్తే దగ్గర దగ్గరగా గీయాలి. పేరు ఏం రాయాలి? గనిలో పనిచేసేవాళ్ళు ఓబీ అంటారు. కాలనీ పిల్లలు గుట్ట అంటారు, దాని మీద గాలిపటాలు ఎగరేస్తారు. ఊరి పెద్దలు గుట్ట అనడానికి ఒప్పుకోరు. "అది దిబ్బ. గుట్ట ఎట్లయితది కాకా?" అని నన్నే అడిగిన్రు. నక్షాలో ప్రస్తుతానికి మూడూ రాసిన. ఘుగ్గుస్, వణీ, రామగుండం, మణుగూరు దిక్కు ఓపెన్‌కాస్ట్ గనుల కాడ ఉన్నవాళ్ళు మీ దగ్గర దాన్ని ఏమంటారో, ఎవరు ఏమంటారో రాయండి. వయసు కూడా రాయండి.